ఈతాకు పెట్టిన పేజీ

చనిపోయినవాళ్లు తిరిగొస్తారంటే నేను నమ్మను. సండేస్కూల్లో పిల్లలకి నేను చెప్పేది కూడా అదే: ప్రభువులో నిద్రించినవాళ్లు ప్రభువు దగ్గరే ఉంటారు, మన ఇళ్ల చుట్టూ తిరగరు. ఇది రాశాక కూడా వాళ్లకి అదే చెబుతాను. జరిగింది జరిగినట్టు రాస్తున్నానంతే.

మా ఆయన విజయవాడలో ఒక కాలేజీలో చరిత్ర లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. ఐరోపాలో క్రైస్తవ సంఘం రెండుగా చీలిన కాలమంటే ఆయనకి ప్రాణం. ఆనాటి కవుల మీద, బోధకుల మీద, వాళ్ల వాదాల మీద పండితులు రాసిన లావుపాటి ఇంగ్లిషు పుస్తకాలు ఎక్కడ దొరికినా మోసుకొచ్చేవారు. పాత పుస్తకాల షాపుల్లో కొన్నవి, స్వదేశానికి వెళ్లిపోతూ మిషనరీలు ఇచ్చినవి. మా హాల్లో టీవీ ఉండాల్సిన చోట ఇనప బీరువా, దాన్నిండా అవే.

నా ఇంగ్లిషు ఆ పుస్తకాలకి చాలదు. సాయంత్రం టీ తాగుతూ ఆయన చదివి, తెలుగులో చెప్పేవారు. చాలా పేజీల్లో సగం కింద చిన్న అక్షరాల్లో ఉండేది. అదేంటండీ అంటే, "పైన మర్యాదగా మాట్లాడుకుంటారు సుగుణా, కింద జుట్లు పట్టుకుంటారు. అసలు మజా అంతా కిందే" అనేవారు.

మా ఇద్దరికీ ఒక ఒప్పందం. నన్ను వదిలి ఆయన ముందుకు చదవకూడదు. ఆయన్ని వదిలి నేను ఇంకెవరిచేతా చదివించుకోకూడదు. ఆపిన చోట ఈతాకు పెట్టేవారు. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు చర్చి నుంచి తెచ్చుకున్న ఈతమట్టని చీల్చి, ప్రతి ఆకు చివరా చిన్న ముడి వేసి, ఏడాదికి సరిపడా దాచుకునేవారు. ఆయనది ఎడమచేతి వాటం. ఆ ముడి అందరూ వేసే ముడికి ఎదురు తిరిగి ఉండేది.

చివరిగా మేము చదువుతున్న పుస్తకంలో ఒక సంగతి వచ్చింది. పాత సంఘంలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థించేవారట. సంస్కరణ వచ్చాక అది తప్పని మాన్పించారు. మేము ఆ సంస్కరణ బిడ్డలమే, మేమూ చెయ్యం.

"మరి అప్పటిదాకా పోయిన మొగుడి కోసం ప్రార్థించిన ఆడవాళ్లు, మర్నాటి నుంచి ఏం చేశారండీ?" అని అడిగాను.

ఆయన పేజీలు తిప్పి తర్వాతి అధ్యాయం పేరు చూసి నవ్వారు. "నీ ప్రశ్న ముందే విన్నట్టు రాశాడే ఈయన. రేపు చదువుకుందాం" అని ఆకు పెట్టి మూశారు.

ఆ రేపు రాలేదు. గుమ్మానికి కట్టిన క్రిస్మస్ నక్షత్రం ఇంకా దించనే లేదు, తెల్లారేసరికి ఆయన గుండె ఆగిపోయింది. సమాధి చేసి వచ్చాక ఆ పుస్తకాన్ని నేనే బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా గుత్తిలోనే ఉంది.

తర్వాత వచ్చిన గృహ కూడికలో నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. చేస్తూ చేస్తూ అలవాటు కొద్దీ, "మా ఆయన షుగరు అదుపులో ఉంచు ప్రభువా" అనేశాను. ఎవరూ ఆమెన్ అనలేదు. పక్కనున్న మరియమ్మక్క నా చెయ్యి పట్టుకుని, "ఆయనకిప్పుడు షుగరెక్కడిదే పిచ్చిదానా" అంది.

పెళ్లయినప్పటి నుంచి ఆయన పేరు లేకుండా నేను ప్రార్థన చేసిన రోజు లేదు. ఇప్పుడా పేరు పలకకూడదు. ఎందుకు పలకకూడదో బైబిలు వాక్యంలోంచి నేనే చెప్పగలను. అయినా ప్రతి పూటా నోటిదాకా వస్తుంది, మింగుతాను. సమాధి మీద మట్టి వేసినప్పుడు కూడా నాకింత కష్టమనిపించలేదు.

ఆ ఏడాది మట్టల ఆదివారానికి చర్చికి వెళ్లాను కానీ మట్ట ఇంటికి తెచ్చుకోలేదు. తెచ్చి ఎవరికివ్వను?

వానాకాలంలో, పుస్తకాలన్నీ ఒక బైబిల్ స్కూలుకి ఇచ్చేద్దామని ఆయన మేనకోడలు ప్రిస్కిల్లాని కొండపల్లి నుంచి రమ్మన్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనే తాళం తీశాను. సమాధి రోజు వేశాక మళ్లీ తియ్యడం అదే మొదటిసారి. ప్రిస్కిల్లా ఆ పుస్తకం అందుకుని తెరిచింది.

మేము ఆపిన చోట పాత ఆకు అలాగే ఉంది, ఎండి గోధుమరంగుకి తిరిగి. తర్వాతి అధ్యాయం మధ్యలో ఇంకో ఆకు ఉంది. అప్పుడే మట్ట నుంచి చీల్చినంత పచ్చగా ఉంది. పచ్చి వాసన వేసింది. కాగితానికి కాస్త తడి కూడా అంటింది. చివర ముడి ఉంది, ఎదురు తిరిగిన ముడి.

"నువ్వు పెట్టావా అత్తా?" అంది ప్రిస్కిల్లా.

"నేనా? నాకా ముడి ఎప్పుడన్నా వచ్చి చచ్చిందా?"

నాకు భయం వెయ్యలేదు. ముందు కోపం వచ్చింది. నన్ను వదిలేసి ముందుకు చదివేశారే అనుకున్నాను. అలా అనుకున్నందుకు వెంటనే ప్రభువుని క్షమాపణ అడిగాను.

అక్కడిదాకా చదివి చెప్పమన్నాను. పిల్ల తడుముకుంటూ చెప్పింది. ఆ ఆడవాళ్లలో కొందరు ప్రార్థనలో పెదవులు కదపకుండా ఆ పేరు తలుచుకునేవారట. ఒక విధవరాలు తన బోధకుడి దగ్గరికెళ్లి, ఇన్నేళ్ల అలవాటుని నేనేం చేసుకోనయ్యా అని అడిగిందట. ఆయన ఏం చెప్పాడంటే... అనేసరికి పేజీ అయిపోయింది. ఆకు ఉన్నది ఆ పేజీలోనే.

ప్రిస్కిల్లా పేజీ తిప్పబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

పాస్టరుగారికి చెప్పాను. "మనసు బలహీనంగా ఉన్నప్పుడు శత్రువు ఇలాంటి పనులే చేస్తాడమ్మా. ఆ పుస్తకం ఇంట్లో ఉంచకండి" అన్నారు. ఆయన మాట నేను ఎప్పుడూ జవదాటలేదు. మిగతా పుస్తకాలన్నీ పంపేశాను. అదొక్కటీ పంపలేకపోయాను.

ఆ ఆకు ఎలా వచ్చిందో నాకు తెలియదు. దేవుడు పంపాడని సాక్ష్యం చెప్పే ధైర్యం లేదు, సాతాను పెట్టాడని ఒప్పుకునే మనసూ లేదు. ఇప్పుడదీ ఎండిపోయింది.

సాయంత్రం టీ పెట్టుకుని పుస్తకం తెరిచి కూర్చుంటాను. ఎవరినీ పిలవను, ఏదీ అడగను. ఆకు ఎక్కడుందో చూస్తాను. అక్కడే ఉంటుంది. ఆ బోధకుడి జవాబు తర్వాతి పేజీలో ఉండే ఉంటుంది. "ఆ పేజీ ఫోటో తీసి పంపు, ఫోన్లో చదివి చెప్పనా అత్తా?" అని ప్రిస్కిల్లా అడుగుతూనే ఉంటుంది. వద్దంటాను. మావయ్య లేకుండా ముందుకు చదవకూడదమ్మా అంటాను.