మైకు పట్టినవాడికి మా బజారు ఓటు

మా బజారు మొత్తంలో అందరికంటే తెలివిగా తప్పు చేసినవాణ్ణి నేనే. ఈ విషయంలో నాకు పోటీ లేదు. మిగతా దుకాణాలవాళ్లు పక్కవాడు వేస్తున్నాడని ఓటు వేశారు. నేను బాగా ఆలోచించి వేశాను, పైగా గడప గడపకూ తిరిగి వేయించాను. చీర కొనడానికి వచ్చిన గిరాకి చెప్పులు విడిచే తీరు చూసి ఏ ధర దగ్గర లొంగుతుందో చెప్పగలనని నాకు పేరుంది. అలాంటివాణ్ణి, కౌన్సిలరును ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం గొంతు చూసి కొనేశాను.

ఎందుకు కొన్నానో చెప్పాలంటే ముందు భయం సంగతి చెప్పాలి.

మాది పాలమూరు వైపు ఒక చిన్న పట్నం. ఒకవైపు ఆత్మకూర్ నుంచి, ఇంకోవైపు కొల్లాపూర్ నుంచి పెళ్లి బట్టలకు మా బజారుకే వచ్చేవాళ్లు. తెలంగాణ వచ్చాక మా ఊరు మునిసిపాలిటీ అయింది. కొత్త బోర్డు పెట్టిననాడు మేమంతా మిఠాయిలు పంచుకున్నాం. ఆ తర్వాత కొంతకాలానికి, ఒక పొద్దున షట్టరు ఎత్తబోయి ఆగిపోయాను. గోడ మీద ఎర్ర రంగుతో నిలువు గీత. పక్కన ఒక అంకె, దాని కింద బాణం గుర్తు. బాణం మా దుకాణం లోపలికి చూస్తోంది.

రోడ్డు వెడల్పు చేస్తారట. గజం బద్ద తీసుకుని నేనే కొలుచుకున్నాను. గుడ్డ కొలిచినట్టు కొంచెం లాగి, కొంచెం వదిలి, రెండు రకాలుగానూ చూశాను. ఎలా కొలిచినా ఒకటే. మా నాయిన కూర్చున్న, ఇప్పుడు నేను కూర్చుంటున్న గద్దె రోడ్డులోకి పోతుంది. మిగిలేది తానులు పేర్చుకునే అలమారా, దాని ముందు ఒక మనిషి పక్కకు తిరిగి నిలబడేంత జాగా. పక్కకు తిరిగి నిలబడి పెళ్లి చీర చూసే ఆడమనిషిని నేనింతవరకు చూడలేదు.

ఆనాటి నుంచి ఇటుకల ట్రాక్టరు వెళ్లినా జేసీబీ వచ్చిందనిపించేది. ఒకరోజు జాకెట్టు గుడ్డ కోస్తుండగా వీధిలో ఏదో ఇనుప చప్పుడైంది. కత్తెర వంకర పోయింది. ఆ గుడ్డ ఆ గిరాకికి ఊరికే ఇచ్చేయాల్సి వచ్చింది. మా వంశంలో ఊరికే ఇవ్వడం అదే మొదలు.

"గా గీత మీద జర సున్నమన్న కొట్టు. సూడబుద్ధయితలేదు" అంది మా ఇంటావిడ.

కొట్టాను. తడి ఆరేసరికి గీత సున్నంలోంచి మళ్లీ తేలింది, ఈసారి ఇంకాస్త లావుగా.

మా దుకాణం మెట్టు మీద ఒక గాజుల చాచీ కూర్చునేది. వాళ్లాయన పోయిన దగ్గర నుంచి ఆ మెట్టే ఆమె దుకాణం. చీర కొన్న చేతులు గాజులు కూడా కొంటాయి కాబట్టి నేను ఆమె దగ్గర కిరాయి అడగలేదు. అది మంచితనమని బజారు అనుకుంటే నేను కాదనలేదు. నేను గోడవైపే చూస్తుండటం గమనించి ఆమె ఒకరోజు అంది:

"ఫికర్ జేయకు బేటా. నీకు గీతన్న గీసిండ్రు. నాకు గీత గూడ లేదు. నన్ను లెక్కలనే పెట్టలే."

నవ్వుతూనే అంది. నాకు మాత్రం ఆ మాటతో గుండె ఇంకొంచెం కిందికి జారింది. గీత గీసినవాడు కనీసం నష్టపరిహారం అని కాగితమైనా రాస్తాడు. మెట్టు పోతే మెట్టు మీది మనిషికి ఎవరు రాస్తారు?

అంతలో ఎన్నికలొచ్చాయి. మా వార్డులో గట్టిగా నిలబడింది ఇద్దరు. ఒకడు పెళ్లిళ్లలో, గణపతి మండపాల దగ్గర మైకు పట్టేవాడు. ఫొటో స్టూడియో ఉంది కానీ అందరూ "మైకన్నా" అనే పిలిచేవాళ్లు. రెండోవాడు స్టీలు సామాన్ల సేఠ్. ఆయన తాతతండ్రులు పశువుల అంగట్లో దళారులు. అక్కడ ఎద్దుల బేరం నోటితో జరగదు. తువ్వాల కింద ఇద్దరూ చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ జనం ఉన్నా ఎవరికీ తెలియదు. ఆ అలవాటు రక్తంలో ఉందో ఏమో, సేఠ్ ప్రచారం కూడా అలాగే సాగింది. మా బజారు మూలమీద మైకు ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, దగ్గి, "అందరికి నమస్తే. ఎండ దంచుతాంది. నీడకు పోండ్రి" అని దిగిపోయాడు.

మైకన్న అదే మూలమీద ఆ సాయంత్రం మాట్లాడాడు. నా గోడ మీది గీత గురించే మాట్లాడాడు. "గది రంగు గాదు, మన నాయినల నెత్తురు!" అన్నాడు. నా ఒళ్లు జలదరించింది. మా నాయిన షుగరుతో పోయాడు, నెత్తురేమీ చిందించలేదు. అయినా జలదరించింది. భయంలో ఉన్నవాడికి తన భయాన్ని తనకంటే బాగా చెప్పేవాడు దేవుడిలా కనిపిస్తాడు. అప్పటికది నాకు తెలియదు. గట్టిగా చప్పట్లు కొట్టాను.

ఆ రాత్రి అన్నం దగ్గర ఇంటావిడతో వాదన పెట్టుకున్నాను.

"ఆఫీసర్ల ముంగట నోరు లేనోడు నిలబడితే ఏమైతది? మనకు నోరున్నోడు గావాలె."

"నువ్వు దుకాణంల ఏనాడన్న నోరు తెరిచి ధర తగ్గిస్తవా?" అంది ఆవిడ.

తగ్గించను. మా బజారులో ఎవరూ తగ్గించరు. ధర తగ్గించాలంటే కాలిక్యులేటర్ మీద అంకె నొక్కి, గిరాకి వైపు తిప్పి చూపిస్తాం. పక్కన కూర్చున్న ఇంకో గిరాకి వింటే ఆమె కూడా అంతకే అడుగుతుంది. పైగా నలుగురి ముందు తగ్గినవాడు ఇక ఆ నలుగురి దగ్గరా ఎప్పటికీ నిలబడలేడు. తగ్గేవాడికి తగ్గడానికి చాటు ఇవ్వాలి. ఇది మా పిల్లలకు అక్షరాల కంటే ముందు వచ్చే చదువు.

"గది వ్యాపారం, గిది రాజకీయం. నీకేం ఎరుక" అన్నాను.

"అవు, నాకేం ఎరుక. నువ్వు బేరం జేసి తెచ్చిన కూరగాయలు వండుడే ఎరుక" అని పులుసు పోసింది. ఆనాటి వంకాయలు పుచ్చులు.

మైకన్న గెలిచాడు. బజారు ఓట్లు దాదాపు అన్నీ అతనికే పడ్డాయి. నన్ను భుజాల మీద ఎత్తుకోబోయారు, బరువు చూసి మానుకున్నారు.

కొన్ని నెలల తర్వాత, రోడ్డు గురించి అభ్యంతరాలు వింటామని ఫంక్షన్ హాల్లో సభ పెట్టారు. దానికి ముందురోజు కొలతల ఆఫీసరు మా దుకాణానికే వచ్చాడు. కూతురికి లంగా గుడ్డ కావాలట. నేను గుడ్డ విప్పి పరిచాను. ఆయన రంగు చూస్తూ, నా ముఖం చూడకుండా, మెల్లగా అన్నాడు:

"రేపు లొల్లి జేయకుండ్రి. ఊకె కాగితం ఇచ్చి పోండ్రి. అటు దిక్కు సర్కారు జాగా ఉన్నది. గీత జర అటు జరిపే వీలున్నది. నేను జెప్పినట్టు మాత్రం ఎక్కడ అనకుండ్రి."

ఆయన నాకు కాలిక్యులేటర్ తిప్పి చూపించాడు. మా వీధిలో పుట్టిన చంటిపిల్లకైనా అది అర్థమవుతుంది. నాకూ అయింది. అయినా ఏం చేశాను? ఆయన మూల తిరగ్గానే మైకన్న స్టూడియోకు పరుగెత్తాను. చెవిలో చెప్పాను. "ఎవ్వరికి జెప్పకు తమ్మీ" అన్నాను. మైకుతో బతికేవాడికి చెప్పకు అని చెప్పాను. "తమ్మి మీద భరోస లేదా అన్నా?" అన్నాడు వాడు. ఉందన్నాను.

మర్నాడు హాలు నిండింది. ఫోన్లు పైకి లేచాయి. మైకన్న బాగా మొదలుపెట్టాడు. జనం ఈలలు వేశారు. ఈల వినగానే అతని గొంతు ఒక మెట్టు ఎక్కుతుంది, అది నాకు పెళ్లిళ్లలోనే తెలియాల్సింది. మూడో ఈలకు వేలు చాపి అన్నాడు:

"నిన్న గీ సారే మా అన్న దుకాణంల కూసొని గీత జరుపుతమన్నడు! సార్, గిప్పుడు గిందరి ముంగట జెప్పుండ్రి!"

హాలంతా నావైపు తిరిగింది. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ఆఫీసరు నన్ను ఒక్కసారి చూశాడు. కోపం లేదు ఆ చూపులో. పాడైన సరుకును చూసే చూపు. లేచి మైకు తీసుకున్నాడు.

"నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. కొలత కొలతే. ఒక్క అంగుళం కూడా జరగదు."

మైకు మళ్లీ మైకన్న చేతిలో పెట్టేశాడు. ఆ క్షణంలోనే మా గద్దె పోయిందని నాకు తెలిసిపోయింది. ఇక మిగిలిందంతా ఇనుము వచ్చే దాకా ఎదురుచూడటమే.

మైకన్నకూ తెలిసినట్టుంది. ముఖం పాలిపోయింది. కానీ మైకు చేతిలో ఉన్నంతసేపు ఆగిపోవడం అతనికి రాదు. కళ్లతో హాలంతా వెతికి, గోడ పక్కన కూర్చున్న మా చాచీని చూశాడు.

"సరే సార్, మా అన్నల గీత జరుపరు. మరి మెట్ల మీద, బండ్ల మీద బతికేటోళ్ల సంగతేంది? గాళ్లకు గీత గూడ గీయలే. గాళ్లకు వేరే జాగా ఇస్తరా, ఇయ్యరా? గీ ఫోన్లన్ని జూస్తున్నయి!"

అప్పటికే ఒకసారి కాదన్న ఆఫీసరు, అన్ని ఫోన్ల ముందు రెండోసారి కాదనలేకపోయాడు. "ఇస్తాం. బస్టాండు పక్కన రేకుల షెడ్లు వేయిస్తాం" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు.

బయటికి వచ్చేటప్పుడు చాచీ నా పక్కన నడిచింది. నేను తిడతాననుకుందో ఏమో, "పిలగాని నోరు ఆగదు బేటా, ఏం జేస్తవు?" అంది మెల్లగా. "నీ గురించి అడిగిండు గద చాచీ" అన్నాను. "అవు. నా గురించి ఎవ్వరన్న మైకుల అడుగుడు గిదే మొదలు" అంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు ఆమె మీద అసూయ పుట్టింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

జేసీబీ వచ్చిన నాడు ఉదయమే తానులన్నీ వెనక్కి మోసుకున్నాం. గద్దె మీది పరుపు ఇంటావిడ తీసుకెళ్లింది. గోడ కూలేటప్పుడు పెద్ద చప్పుడు వస్తుందని ఇన్నాళ్లూ భయపడ్డాను. రాలేదు. పాత సున్నపు గోడ, బిస్కెట్టులా నలిగింది. నాకు చప్పుడు వచ్చుంటేనే బాగుండేదనిపించింది.

వీధి చివర స్టీలు సేఠ్ దుకాణం దగ్గర మాత్రం జేసీబీ కొంచెం అవతలే ఆగింది. ఆయన ముంగిలి దాదాపు అట్లాగే ఉంది. తర్వాత అడిగాను. ఆయన గ్లాసు తుడుస్తూ చెప్పాడు.

"మీటింగ్‌కు ముందే పోయి నా కాగితం నేనిచ్చిన. మెల్లగ మాట్లాడుకున్నం."

"మరి బజారు అందరి కోసం మాట్లాడరాదా సేఠ్?"

"బజారు నన్ను మాట్లాడుమన్నదా? నాకు ఓటేసిండ్రా?"

నిజమే. అయినా ఆ మాట విన్నాక నాకు ఇంకో రకం భయం పట్టుకుంది. తువ్వాల కింద ఎవరి వేళ్లు ఎవరు పట్టుకున్నారో మనకు తెలియదు. ఆయనే గెలిచి ఉంటే మా అందరి గీత జరిగేదో, ఆయన ఒక్కడిదే జరిగేదో, ఇప్పటికీ నేను చెప్పలేను. మాట్లాడేవాడు నా రహస్యాన్ని ఊరికి చెప్పాడు. మాట్లాడనివాడు తన రహస్యాన్ని నాకు చెప్పలేదు. మళ్లీ ఎన్నికలంటున్నారు. ఇద్దరూ నిలబడతారట. సాయంత్రాలు మూలమీద మైకు పరీక్షించే చప్పుడు వినిపిస్తే షట్టరు సగం దించేస్తున్నాను. జనం ఎప్పటిలా నన్నే అడుగుతున్నారు, ఎవరికి వేద్దామని. నేను చీరలు మడతపెడుతూ వినబడనట్టు ఉంటున్నాను.

అడిగినవాళ్లకు చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, మధ్యలో ఏమీ కొట్టివేయకుండా. నా మాట మీద పడిన ఓట్లు బజారువి. పోయిన ముంగిళ్లూ బజారువే. గద్దె పోవడానికి మైకన్న నోరు సగం కారణం. చాటుగా అందిన మాటను దాచుకోలేని నా నోరు మిగతా సగం, ఆ సగం కొంచెం పెద్దదే. ఆఫీసరు మా దుకాణంలో మళ్లీ గుడ్డ కొనలేదు. పెళ్లి బట్టల గిరాకి చాలావరకు పక్క పట్నానికి పోయింది. రేకుల షెడ్డులో చాచీకి ఒక జాగా దొరికింది, ఆమె పేరు మీదే, మైకన్న నోటి వల్లే. అది నేను అడగనిది, ఆ రోజు చప్పట్లు కూడా కొట్టనిది. కాబట్టి దాన్ని నా ఖాతాలో లాభంగా రాసుకోవడానికి లేదు. నా ఖాతాలో నష్టం మాత్రమే ఉంది.