గాయం అంచు చూసే అత్త

మొన్న తెల్లవారుజామున మా మేనత్త పోయింది. కాలికి వెదురు మోడు గుచ్చుకుని పోయిందంటే ఫోన్లో అవతలివాళ్ళు నమ్మడం లేదు. "గంతేనా? పాము గిట్ల కరిచిందా?" అని మళ్ళీ అడుగుతున్నారు. పాము కాదు. మోడే.

అత్త కిరందుల్ ఇనుపరాయి గనుల టౌన్‌షిప్‌లో నర్సు. ఎక్కువ కాలం కాలిన గాయాల వార్డులోనే పనిచేసింది. చిన్నప్పుడు వేసవి సెలవులకు ఆమె క్వార్టర్‌కు వెళ్ళేదాన్ని. ఒకసారి సైకిల్ మీది నుంచి పడి మోకాలు చెక్కుకుపోయింది. గాయం నిండా ఇనుపరాయి ఎర్రదుమ్ము. మందు వెయ్యమని నేను ఏడుస్తుంటే, అత్త కాచి చల్లార్చిన నీళ్ళతో నిదానంగా కడిగింది.

"నేను మందేసే లోపల్నే నీ తోలు పని మొదలువెట్టింది బిడ్డా," అంది.

తెగిన చోట చర్మకణాలు క్రిములను చంపే పదార్థాన్ని సొంతంగా తయారు చేసుకుంటాయట. రక్తంలోంచి తెల్లకణాలను పిలుస్తాయట. తర్వాత అంచుల నుంచి మెల్లగా పాకి గాయాన్ని మూసేస్తాయట. "కాలినోళ్ళకు గా తోలే మిగలదు. అందుకే వాళ్ళను చూస్తే నాకు భయం," అనేది. ఎవరు దెబ్బతో వచ్చినా ముందు గాయం అంచు చూసేది, ఆ తర్వాతే మనిషి ముఖం.

రిటైరయ్యాక ఉసూర్ దగ్గర మా ఊరికి వచ్చేసింది. అప్పటికే షుగర్ ఉంది. పాదాల్లో స్పర్శ తగ్గిందని తెలుసు కనుక చెప్పులు లేకుండా గడప దాటేది కాదు. ఈ వానాకాలం పెరటి కంచె బాగుచేస్తుంటే, నరికిన వెదురు మోడు చెప్పును చీల్చుకుని అరికాల్లో దిగింది. ఆమెకు తెలియనే లేదు. గచ్చు మీద తడి అడుగుల్లో ఎరుపు చూసి నేనే చెప్పాను.

కడిగి కట్టు కట్టుకుంది. మర్నాటికి పాదం వాచి వేడెక్కింది. వాగు పొంగి దారి మునిగింది. అత్త నా చేత పెన్నుతో ఎర్రబడిన చోటు చుట్టూ గీత గీయించింది.

"ఎరుపు ఇది దాటితే చెప్పు. నేను భయపడతనని దాచకు."

పొద్దున్నే చూస్తే దాటింది. చెప్పాను. పైన ఇంకో గీత గీయమంది. మధ్యాహ్నానికి అదీ దాటి చీలమండ ఎక్కింది. ఆమెకు మాత్రం నొప్పి లేదు. అన్నిటికన్నా దానికే నాకు భయమేసింది.

అత్త కట్టు విప్పి పాదాన్ని వెలుతురుకు తిప్పుకుంది. "అంచులు చూడు. తెల్లగ, మెత్తగ అయినయ్. షుగర్ తోటి నా తోలుకు కొట్లాడే బలం తగ్గింది." వార్డులో రోగి గురించి చెప్పినట్టే చెప్పింది.

వాగు తగ్గగానే ట్రాక్టర్ మీద పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. కాలు తీసేయాలని డాక్టర్ హిందీలో చెప్పాడు. మోకాలి పైనా కిందా అని అత్త హిందీలోనే అడిగింది. పైనే అన్నాడు. తల ఊపి సంతకం పెట్టింది. మా నాన్న గోడకు తిరిగి ఏడుస్తుంటే, "ఏడ్వకు తమ్మీ. ఒంటికాలి మీదనన్న నిలవడి నిన్ను తిడత," అంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కానీ విషం అంతకుముందే రక్తంలో కలిసిందన్నారు. జ్వరం దిగలేదు.

చివరి సాయంత్రం ఆమె పక్కన కూర్చుని, ట్రాక్టర్ రేకుకు కోసుకున్న నా వేలి మీది పక్కును తెలియకుండానే గిల్లుకుంటున్నాను. అత్త కళ్ళు తెరిచి నా చెయ్యి లాక్కుంది. కాలిపోతున్న వేళ్ళతో నా వేలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిల్లకు. మంచిగ మూసుకుంటాంది."

అత్తను సాగనంపి వచ్చి స్నానం చేస్తుంటే ఆ పక్కు ఊడి నీళ్ళలో పోయింది. కింద లేత గులాబీ రంగు తోలు, తాకితే చురుక్కుమంటూ.