గుడియాత్తం పాత కుట్టుమిషను

నా చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళు పాత సామాన్లు కొనడానికి బయలుదేరితే, ఏమేం పరీక్షించి చూడాలో చీటీ రాసే పని నాది. తమిళనాడులో ఉన్నా మాది తెలుగు మాట్లాడే ఇల్లే గానీ తెలుగు చదవడం ఎవరికీ రాదు. అందుకని తెలుగు మాటలను తమిళ అక్షరాల్లో రాసేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు అక్షరాలు చాలా తర్వాత నేర్చుకున్నవి.

ఆ వారం చీటీ పక్కింటి అక్క కోసం. బడిపిల్లలకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే యూనిఫాంలు కుట్టే మహిళా సంఘంలో ఆమెకు చోటు దొరికింది. సోమవారానికల్లా సొంత మిషను చూపించాలి, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. కొత్తది కొనే స్తోమత లేదు. మిల్లులో ఫిట్టరుగా పనిచేసిన మా తాతయ్య మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని శనివారం వేలూరులో పాత సామాన్ల అంగళ్ళన్నీ తిరిగాడు. ఎన్నికల తర్వాత ఇంటింటికీ పంచిన ఉచిత ఫ్యాన్లు, మిక్సీలు ప్రభుత్వ ముద్ర కూడా చెరగకుండా అక్కడ గుట్టలుగా పడి ఉన్నాయి. కుట్టుమిషన్లు మాత్రం నాలుగే. చక్రం ఊగుతోందా, బెల్టు పగిలిందా, సూది నిటారుగా దిగుతోందా, ఇలా నా చీటీలో ఏడు పరీక్షలు. ఆ నాలుగింటిలో ఒక్కటీ మూడో పరీక్ష దాటలేదు.

ఆదివారం గుడియాత్తం బస్సెక్కాం. అక్కడ ఒకామె ఇల్లు ఖాళీ చేస్తూ సామాను అమ్ముతోందని విన్నాం. వెలిసిపోయిన పార్టీ గుర్తున్న గోడ పక్కన, అరుగు మీద తన తొక్కుడు మిషను పెట్టుకుని కూర్చుంది. వయసు మళ్ళిన దర్జీ. సూదిలో దారం ఎక్కించడానికి చూపు ఆనడం లేదని తమిళంలో చెప్పింది.

వెంట తెచ్చుకున్న పలచటి పేలిక మీద కుట్టి చూశాం. మిషను ఏడు పరీక్షలూ దాటింది. బేరంలో మాకొక అలవాటుంది. అమ్మేవాళ్ళతో తమిళం, మాలో మాకు తెలుగు. వాళ్ళ ముందరే నిలబడి ధైర్యంగా ఎత్తులు వేసుకునేవాళ్ళం.

"తాతా, బంగారంగా ఉండాది. ఆయమ్మకు దీని ఇలువ తెలీదు. తుప్పు పట్టిందని చెప్పు, సగానికి దిగతాది," అన్నాను.

"నువ్వు గమ్మునుండు నాయనా, నేను దించుతా గదా," అన్నాడు తాతయ్య, ఆమె వైపు నవ్వుమొహం పెట్టుకునే.

"చెయ్యి జారనీకండి తాతా. రేపే నిక్కర్లు కుట్టాల. ఉత్త చేతులతో యాడికి పోయేది?" అంది అక్క.

ముసలామె మా ముగ్గురినీ చూసింది. తర్వాత అచ్చం మా అవ్వ మాట్లాడే తెలుగులో, "ఆ చీటీలో మందం గుడ్డ పరీక్ష రాసుకున్నావా నాయనా?" అంది.

తాతయ్య భుజం మీద తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు. నేను చీటీని వెనక్కి దాచాను.

"తుప్పు యాడా లేదు. నేను పట్టనియ్యలా. నిక్కరు నడుం పట్టీకాడ నాలుగు మడతలు వస్తే మాత్రం అడుగు దారం తెగతాది. నీ పలచటి పేలికతో చూస్తే అదెట్ట తెలస్తాది? ఆడ కాలు ఆపి చక్రం చేత్తో తిప్పాల, అమ్మా."

అక్కను కూర్చోబెట్టి, పాత దుప్పటి అంచు మడిచి చేతికిచ్చింది. మూడుసార్లు దారం తెగింది. నాలుగోసారి కుట్టు నిలిచింది.

తాతయ్య ఇక బేరమాడలేదు. తప్పయిపోయింది తల్లీ అన్నాడు. ఆమె నవ్వింది. "బేరమాడేది తప్పు కాదప్పా. మనిషిని ఎదురుగా పెట్టుకుని, లేనట్టు మాట్లాడుకుంటిరే, అది తప్పు."

స్టాండు బస్సు పైకెక్కించి, మిషను తల నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా ఎత్తులన్నీ విన్న ఆమె కావాలనుకుంటే ఆ మాట చెప్పకుండా అమ్మేసి ఉండేది. అప్పుడు దారం తెగే ఆ లోపం మాకు సంఘంలో, అందరి ముందూ తెలిసేది. అక్క చోటు మొదటిరోజే పోయేది.

అక్క ఇప్పటికీ ఆ మిషను మీదే కుడుతోంది. మందం మడత రాగానే కాలు ఆపి చక్రం మీద చెయ్యి వేస్తుంది. నేను యంత్రాల తనిఖీ ఉద్యోగంలో ఉన్నాను. చీటీలు పొడుగయ్యాయి, పరీక్షలు పెరిగాయి. చివరి వరుస మాత్రం ఖాళీగా వదిలి, ఆ యంత్రం మీద ఏళ్ళ తరబడి పనిచేసి చెయ్యి అరిగిన మనిషిని వెతుక్కుంటూ పోతాను. ఎదురుగా కూర్చుని, వాళ్ళకు తెలిసిన భాషలో అడిగి, ఆ వరుస నింపుతాను.