పదకొండు మంది ఆసాములు

కాలు నిలవని మనిషిని నేను. బట్టల మిల్లుకు పనివాళ్ళను వెతికే ఉద్యోగానికి ఆ గుణమే పనికొచ్చింది. పొద్దున్నే కరీంనగర్‌లో బస్సెక్కి సిరిసిల్లలో దిగేవాణ్ణి. మరమగ్గాల వీధిలో ఎవరిని పలకరించినా, "మా బామ్మర్ది ఉన్నడు సార్, జర చూడుండ్రి" అని వెంట తీసుకుపోయేవారు. మగ్గం మీద ఒక పోగు తెంపేవాణ్ణి. వచ్చినవాడు కొస వెతికి పట్టి ముడేసే తీరులోనే పనితనం తెలిసిపోయేది. కాగితాలు అడిగిన గుర్తు లేదు. అలాగని అదేమీ ధర్మరాజ్యం కాదు. బామ్మర్దులు లేనివాళ్ళ సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు.

ఇప్పుడు నా తలుపు మీద 'టాలెంట్ అక్విజిషన్' అని బోర్డు. దరఖాస్తులు ఫోన్లోంచి వస్తాయి, కంప్యూటర్ వడపోస్తుంది. నేను కూర్చుంటాను, లేస్తాను, మళ్ళీ కూర్చుంటాను. ఎలా వడపోయాలో మాత్రం నన్నే అడిగారు. గత పదేళ్ళలో నాలుగు చోట్లకు మించి మారినవాళ్ళను పక్కన పెట్టమన్నాను. చేరిన నెలకే మానేసేవాళ్ళతో అప్పటికి విసిగిపోయి ఉన్నాను.

పోయిన నెల నలభై దాటిన సిరిసిల్ల నేతకార్మికుడొకడు నేరుగా మిల్లుకే వచ్చాడు. మూడుసార్లు దరఖాస్తు పెడితే మూడుసార్లూ 'క్షమించండి' అనే వచ్చిందట. తెరిచి చూశాను. గత పదేళ్ళలో ఎక్కడ పనిచేశారన్న చోట పదకొండు పేర్లు రాశాడు.

సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలని, వాటి యజమానిని ఆసామి అని అంటారు. ఒక ఆసామి దగ్గర నూలు అయిపోతే, పనివాడు నూలున్న ఇంకో ఆసామి దగ్గరికి పోతాడు. అందరూ చేసేదదే. చేస్తున్న పని మారదు, ఆసామే మారతాడు. ఇది నాకు తెలియనిది కాదు, ఆ వీధుల్లో నా చెప్పులరిగాయి. నాలుగు అని చెప్పిన రోజు మాత్రం తట్టలేదు. చెప్పొద్దూ, సిగ్గేసింది.

"ఒక రెండు పేర్లు రాస్తే అయిపోయేదిగద అన్నా" అన్నాను.

"ఎట్ల సార్? పదకొండు మంది పనిచ్చిండ్రు. ఒకల్ని రాసి ఒకల్ని ఇడిస్తే బాగుంటదా?"

అతను దరఖాస్తు పెట్టిన ఖాళీలు అప్పటికే నిండిపోయాయి. ఆ మాటే చెప్పాను.

"మా దిక్కు సాంచాలు బందున్నయి. ఇగ మహారాష్ట్ర దిక్కు, భివండి పోవుడే. పిల్లల్ని బడి మాన్పియ్యలేను, ఇంటోళ్ళను ఈడనే ఇడిసి ఒక్కన్నే పోత." లేస్తూ అడిగాడు, "గీ నాలుగు లెక్క ఎవలు పెట్టిండ్రు సార్?"

"కంపెనీ" అన్నాను.

"గంతే అనుకున్న. సాంచాల సంగతి ఎరుకున్నోళ్ళు, మీరైతే పెట్టకపోదురు."

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ వారమే ఆ నిబంధన తీసేయించాను. ఖాళీ ఎప్పుడు పడుతుందా అని రోజూ లిస్టు తెరిచి చూశాను, పడగానే ఫోన్ చేశాను. భివండి నుంచి మాట్లాడాడు. అక్కడ ఆసామి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడట, ఏడాది దాకా కదలడానికి లేదట.

"అయినా యాదికుంచుకొని చేసిండ్రు సార్, మీ అసుమంటోళ్ళు ఉండరు" అన్నాడు.