ఎదిగే పిల్లకని వదిలిన ముప్పావు అంగుళం

ఆ రోజుల్లో కెనడాలోని ఒషావాలో మాలాంటి విద్యార్థులం ఎంతమందిమి దిగామంటే, కాఫీ షాపులో ఒక్క పార్ట్‌టైమ్ ఉద్యోగం పడితే అప్లై చేయడానికి వచ్చినవాళ్ళతోనే షాపు నిండిపోయేది (కాఫీ మాత్రం ఎవరం కొనేవాళ్ళం కాదు). నాలుగు నెలలు తిరిగి తిరిగి, చివరికి పాత ఫర్నిచర్ బాగుచేసే ఒక ముసలాయన దగ్గర తేలాను. "చెక్కపని వచ్చా?" అని అడిగితే, మా ఇంటి తలుపులు చెక్కవే కదా అన్న ధైర్యంతో "వచ్చు" అనేశాను. ఆయన మాటలు తక్కువ. పని చీటీ మీద రాసి బల్లకి అంటించి పోయేవాడు. రెండో వారంలోనే నేనొక టీపాయికి వేరే రంగు పూస్తే, "రాసింది రాసినట్టు చెయ్యి. ఇంకోసారి సొంత తెలివి చూపిస్తే ఇంటికే" అన్నాడు. ఆ ఉద్యోగం పోతే నాకు మళ్ళీ కాఫీ షాపుల ప్రదక్షిణే.

ఒకరోజు క్లాసు నుంచి వచ్చేసరికి బల్ల మీద తుపాకీ వెనకభాగం, అదే భుజానికి ఆనించే చెక్క, విడిగా ఊడదీసి ఉంది. చీటీలో "ఇంచిన్నర కొయ్యాలి. షూటర్ చిన్నమనిషి" అని రాసి ఉంది. ఎవరో చిన్నపిల్ల నేర్చుకుంటోంది కాబోలు అనుకున్నాను. అక్కడే కొంప మునిగింది. మా అమ్మ నాకు ఏనాడూ నా కొలతకి చొక్కా కుట్టించలేదు. "జర లూజుగ కుట్టు, ఎదిగే పోరడు" అని టైలర్‌కి చెప్పేది. పదో తరగతి ఫొటోలో నాకు చేతులున్నాయి గానీ వేళ్ళు లేవు. అలా పెరిగినవాణ్ణి, ఎదిగే పిల్ల తుపాకీని ఇంచిన్నర ఎలా కోస్తాను? ముప్పావు అంగుళమే కోసి, చివర ఉన్న రబ్బరు ప్యాడే మళ్ళీ బిగించి, పాలిష్ కొట్టి, ఆ పిల్ల తల్లిదండ్రులకి మేలు చేశానని మనసులోనే అనుకున్నాను.

శుక్రవారం తీసుకెళ్ళడానికి ఆ చిన్నమనిషి వచ్చింది. నెరిసిన జుట్టు, కళ్ళజోడు, నా భుజం దాకా కూడా రాని ఎత్తు. ఆ చెక్కని మోచేతి మడతలో ఆనించి చూసుకుంటే, వేలు ట్రిగ్గర్ ఉండాల్సిన చోటికి సరిగ్గా ముప్పావు అంగుళం ఇవతలే ఆగిపోయింది. "సచ్చిన్రా" అన్నాను, పైకే.

"తెలుగు పిల్లాడివా?" అందావిడ. గుంటూరు వైపు నుంచి నర్సుగా వచ్చి రిటైరైన ఆంటీ, గాల్లోకి ఎగిరే మట్టి బిళ్ళల్ని కాల్చే క్లబ్బులో కొత్తగా చేరిందట. మర్నాడే ఆడవాళ్ళ పోటీ. నేను తెలుగులోనే ఎదిగే పిల్ల సంగతి చెప్పాను.

"ఏం నాయనా, నాకు అరవై ఆరేళ్ళు. ఏటేటా కుంచించుకుపోతున్నాను గానీ ఇంకా పొడుగవుతానా?"

అంతలో ముసలాయన వచ్చాడు. కొలిచాడు. చీటీ చూశాడు. నన్ను చూశాడు. "ఎందుకు తక్కువ కోశావు?" అని అడిగాడు. ఆంటీ ఇంగ్లీషులో తడుముకోకుండా చెప్పింది: "నేనే ఫోన్ చేసి తక్కువ కొయ్యమన్నాను. పొరపాటు నాదే." ఆయన రంపం నా చేతికిచ్చాడు. ప్యాడ్ విప్పి, మిగిలిన ముప్పావు అంగుళం ఆవిడ ఎదురుగానే కోసి, మళ్ళీ బిగించాను. వెళ్తూ వెళ్తూ నా ఫోన్ నంబరు తీసుకుని, "ప్రభువు క్షమించాలి" అని గొణిగింది ఆంటీ.

శనివారం ఆవిడ పాతికలో పదహారు బిళ్ళలు పగలగొట్టింది. ఆ సంతోషంలో నాకు ఫోన్ చేసింది. "కానీ బాబూ, మనసులో అబద్ధం పెట్టుకుని రేపు చర్చికి ఎలా వెళ్ళనురా? మీ ఓనర్‌కి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పేశాను." ఆదివారమంతా నాకు అన్నం సహించలేదు.

సోమవారం భయపడుతూ వెళ్తే ముసలాయన లేడు. బల్ల దగ్గర ఒక కుర్చీ, దానిమీద చీటీ: "నాలుగు కాళ్ళూ అంగుళం కొయ్యాలి. కుర్చీ వయసు ఎనభై. ఇక ఎదగదు."

పని పోలేదని అర్థమవడానికి ఆ చీటీని మూడుసార్లు చదివి, ఒంటరిగా నవ్వుకుంటూ, ఒక్కో కాలినీ నాలుగేసి సార్లు కొలిచిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ ముద్దొస్తాడు. అంత కొలిచినా ఆ కుర్చీ కొంచెం ఊగేది, పాపం.