చక్రాల్లేని బండికి సిక్ లేబుల్

కరోనా తగ్గి బండ్లన్నీ మళ్లీ వేళకు నడవడం మొదలైన ఏడాది చలికాలంలో నేను బిలాస్‌పూర్ యార్డులో క్యారేజ్ అండ్ వ్యాగన్ సీనియర్ సెక్షన్ ఇంజనీరుని. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. మా పని బండిని పరీక్షించడం. ఏ పెట్టెలో లోపం కనబడినా దానికి సిక్ లేబుల్ అంటించి, సిక్ లైన్ అనే పక్క పట్టాల మీదికి పంపిస్తాం. మరమ్మతు చేసి మేమే ఫిట్ అని రాసిచ్చేదాకా ఆ పెట్టెను స్టేషన్ మాస్టరు కూడా కదపడు.

ఈ ఉద్యోగానికీ బొమ్మలకీ ఏటి సంబంధం అని అడిగేవాళ్లు చాలామంది. నాకు బొమ్మలంటే పిచ్చి, అంతే. రైల్వే పాసు మీద అందరూ కాశీ, పూరీ వెళితే నేను భోపాల్, హైదరాబాద్, కలకత్తా మ్యూజియాలకు వెళ్లేవాణ్ని. ఎక్కడ కళా ఉత్సవం జరిగినా సెలవు పెట్టేవాణ్ని. "పాసుంటే జనం దేవుణ్ణి చూస్తారు, ఈ మానవుడు గోడల్ని చూస్తాడు" అని మా ఆవిడ చుట్టాలందరి దగ్గరా ఏకరువు పెట్టేది. తనూ వచ్చేది లెండి, కాళ్లు నొప్పులని తిట్టుకుంటూ.

మా సిక్ లైన్ పక్కన ఒక పాత పెట్టె ఉండేది. చక్రాలు తీసేసి స్లీపరు దుంగల మీద కూర్చోబెట్టారు. స్టాఫు క్యాంటీన్ అదే. అక్కడ వంట చేసే సుకవారో బాయిది బిలాస్‌పూర్ పక్కనున్న కోటా దగ్గర పల్లె. మధ్యాహ్నం పని తగ్గాక, పెట్టెలకు వేయగా మిగిలిన రంగులు మా పెయింటరు దగ్గర అడిగి తీసుకుని, ఆవిడ లోపలి గోడ నిండా బొమ్మలు వేసింది. కర్మ నాట్యం ఆడే ఆడవాళ్లు, ఇప్పచెట్లు, ఏనుగులు. మధ్యలో పొడుగాటి గూడ్సు బండి, దాని ప్రతి వ్యాగన్లోనూ బొగ్గుకు బదులు నెమళ్లు. ఇన్ని మ్యూజియాలు తిరిగినా అలాంటి గూడ్సు బండి నేను చూడలేదు. ఫోటోలు తీసి, రాయ్‌పూర్‌లో జానపద చిత్రకళా ఉత్సవం జరిపే ఒక మ్యూజియంవారికి పంపాను. గోడను కళ్లతో చూశాకే పిలుస్తామన్నారు. ఎంపికైతే సుకవారో ఉత్సవంలో అందరి ముందూ కూర్చుని బొమ్మ వేయాలి. ఆ మాట విన్న రోజు ఆవిడ పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది.

సరిగ్గా అప్పుడే జనరల్ మేనేజర్ గారి వార్షిక తనిఖీ వచ్చిపడింది. తనిఖీ అంటే రైల్వేలో కదలకుండా నిలబడిన ప్రతిదానికీ సున్నమో రంగో పడాల్సిందే. గోడ చూడ్డానికి మ్యూజియం నుంచి ఒకావిడ వచ్చేదేమో తనిఖీ మర్నాడు.

వర్క్స్ సూపర్‌వైజరు సన్యాసిరావు తోర్వా పేటలో మా పక్కింటివాడు. మాలాగే తాతల నాడు శ్రీకాకుళం నుంచి వచ్చిన కుటుంబం. కూలీల్నీ తెల్లరంగు డబ్బాల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. రెండు రోజులు ఆగమని బతిమాలాను. "అన్నయ్యా, బొమ్మలు మళ్లీ ఏసుకోవచ్చు. నాకు చార్జిషీటు పడితే నువ్వు చెరుపుతావేటి?" అన్నాడు. అతని భయమూ నిజమే. చక్రాలు పోయాక ఆ పెట్టె లెక్కకి బిల్డింగు, బిల్డింగులన్నీ అతని కిందివి. సుకవారో గరిటె పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

జేబులోంచి సిక్ లేబుల్ తీసి, సంతకం చేసి, బొమ్మ పక్కన అంటించాను. డబ్బా తెరుస్తున్న కూలీ టక్కున ఆగిపోయాడు. యార్డులో పనిచేసిన మనిషెవడూ ఆ లేబుల్ దాటి చెయ్యి వేయడు. "చక్రాల్లేని బండికి సిక్ లేబులేటి అన్నయ్యా" అని సన్యాసిరావు నోరు వెళ్లబెట్టాడు. పెట్టె మీద నంబరు ఇంకా ఉంది, నంబరున్నంత కాలం అది బండే, ఎవరడిగినా నా పేరు చెప్పమన్నాను.

తనిఖీ రోజు జీఎం గారు లేబుల్ చూసి ఆగారు. వెనకున్న ఆఫీసర్లంతా నావైపు చూశారు. నాకు పెన్షన్ గుర్తొచ్చింది. ఈ పెట్టెకి జబ్బేమిటని ఆయన హిందీలో అడిగారు. జబ్బేమీ లేదు, పరీక్ష పూర్తి కాలేదు, పరీక్షించేవారు రేపు రాయ్‌పూర్ నుంచి వస్తున్నారని చెప్పాను. ఆయన ఆ గూడ్సు బండిని ఇంజను నుంచి గార్డు పెట్టె దాకా నడుస్తూ చూశారు. ఈ నెమళ్లు ఎక్కడ దిగుతాయని సుకవారోని అడిగారు. "జంగల్ మే, సాహెబ్" అందావిడ. అచ్ఛా, అయితే పరీక్ష అయ్యాకే ఫిట్ ఇవ్వండని నాతో చెప్పి, టీ తాగి వెళ్లారు. నాకంటే ముందు సన్యాసిరావే ఊపిరి పీల్చుకున్నాడు.

మర్నాడు మ్యూజియం ఆవిడ వచ్చింది. సుకవారో ఎంపికైంది. ఉత్సవంలో ఆవిడ మళ్లీ వేసిన గూడ్సు బండిని మ్యూజియమే ఉంచేసుకుంది. నేను రిటైరయ్యాక మా ఆవిడా, సన్యాసిరావూ, నేనూ కలిసి చూడ్డానికి వెళ్లాం. నెమలి రంగు దగ్గరగా చూద్దామని నేను వంగితే కాపలావాడు కసిరి, పక్కనున్న బోర్డు చూపించాడు. ముట్టరాదని ఉంది. "నీ లేబులే అన్నయ్యా" అన్నాడు సన్యాసిరావు.

ఈ వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఇది. మెచ్చుకునేవాళ్లు వచ్చేదాకా బొమ్మ మిగిలి ఉండాలి. దానికి కళాభిమానం ఒక్కటే చాలదు. మన ఉద్యోగంలో దేన్ని ఆపే అధికారం ఉందో తెలుసుకుని, అవసరమైన రోజున అది వాడాలి. క్యాంటీన్లో ఆ లేబుల్ ఇప్పటికీ ఉంది. ఫిట్ రాసివ్వకుండానే నేను రిటైరయ్యాను.