చెయ్యొద్దన్న నంబరు

దేవకృపకు ఎడమ చెవి వినపడదు. పెళ్లైన రెండో ఏడు మొగుడు లాగి కొట్టిన దెబ్బకు పోయింది. ఆమె ఏడుస్తూ కూర్చునే రకం కాదు. వాణ్ణి వదిలించుకుని, ముప్పై నాలుగో ఏట ప్రోగ్రామింగ్ నేర్చుకుని, దెబ్బలు తినే ఆడవాళ్ల కోసం మారేడ్‌పల్లిలో నడిచే చిన్న సంస్థలో చేరింది.

ఆడవాళ్లు తమ గోడును ఆ సంస్థ వెబ్‌సైటులో రాసేవారు. అంత గోడులో ఫోన్ నంబరు వెతకడానికే పొద్దు వాలిపోయేది. దేవకృప ఒక ప్రోగ్రామింగ్ లైబ్రరీని, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్‌ను, పట్టుకొచ్చింది. రాత ఎంత పొడుగున్నా అందులోంచి నంబరును చిటికెలో ఏరి చేతిలో పెడుతుంది. మధ్యలో గీతలున్నా, ఖాళీలున్నా పట్టేస్తుంది. నంబరు దొరగ్గానే ఫోన్ చేయడమే. చదివే బాధ తప్పిందని అందరూ మెచ్చుకున్నారు. దేవకృప కూడా మురిసిపోయింది, పాడు మురిపెం!

మంగళవారం పొద్దున మల్కాజ్‌గిరి స్వర్ణలత రాసిన దాంట్లో ఒక నంబరు దొరికింది. ఫోన్ కలిపితే మగవాడు ఎత్తాడు.

"స్వర్ణలత గారున్నారా?"

"ఎవరే నువ్వు? నా పెండ్లాం ఏం చెప్పింది నీకు?"

వాడు ఫోన్ పెట్టేయలేదు. గిన్నెలు దొర్లాయి. ఒంటి మీద దెబ్బ పడే చప్పుడు దేవకృపకు కొత్త కాదు. "నంబర్ ఎవరికిచ్చినవ్? చెప్పు!" అంటూ వాడు గొడ్డును బాదినట్టు బాదాడు. ఏదో పటుక్కున విరిగింది. ఆడగొంతు ఆగిపోయింది.

దేవకృప అప్పుడు ఆ రాత తెరిచింది. "నిరుడు మీకిచ్చిన ఈ నంబర్‌కు చెయ్యకుండ్రి. ఫోన్ ఆయన దగ్గరనే ఉంటది, సంపేస్తడు. పక్కింటి కాంతమణక్కకు చెయ్యుండ్రి." కాంతమణి నంబరు మాత్రం నోటితో చెప్పినట్టే ఉంది: నైన్ ఎయిట్ డబుల్ ఫోర్... మొత్తం అక్షరాలే. అంకె ఒక్కటీ లేకపోవడంతో లైబ్రరీ దాన్ని నంబరుగా లెక్కే చేయలేదు.

వెంటనే ఆ నంబరుకు చేసింది. కాంతమణి పరుగున వెళ్లి, రోకలితో స్వర్ణలత ఇంటి తలుపు గడియ ఊడగొట్టి, అదే రోకలితో వాడి మోకాలు విరగ్గొట్టింది. ఆ తల్లికి దండం పెట్టాలి.

రెండో రోజు ఆసుపత్రిలో స్వర్ణలత విరిగిన దవడకు తీగలు కట్టి ఉన్నాయి. మాట్లాడలేక కాగితం మీద రాసింది: "నేను రాసింది ఎవరు సదివిన్రు?"

దేవకృపకు అబద్ధం నోట రాలేదు.

"ఎవరూ చదవలేదక్కా. నేనే చదవకుండా ఫోన్ చేశాను."

స్వర్ణలత కాగితం వెనక్కి లాక్కుని, ఇంకో ముక్క రాసి ఇచ్చింది.

"నంబరే కాదు, నా పేరు సుత మీ దగ్గరకెంచి కొట్టేయుండ్రి."